సత్యమును చేయువాడా, సత్యవర్తనుడా? యోహాను 3:21లోని "అలేథేయ"

అరసున్న:
కొన్నాళ్లుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు: "సత్యమును జరిగించువాడు వెలుగునొద్దకు వచ్చును." ఇది యోహాను సువార్త మూడో అధ్యాయంలోనిదని గట్టిగా అనిపిస్తోంది, కానీ నా దగ్గరున్న బైబిలులో ఆ చోట "సత్యవర్తనుడైతే" అని ఉంది. గ్రీకులో అక్కడున్నది "పొయియోన్ తేన్ అలేథేయన్", అంటే సత్యాన్ని చేసేవాడు. సత్యం పలకడం, సత్యాన్ని తెలుసుకోవడం మనకు తెలుసు. సత్యాన్ని చేయడం అంటే ఏమిటన్నదే నా సందేహం. మన అనువాదకులు "వర్తన" అనే మాటతో ఆ ఇబ్బందిని దాటవేశారా, లేక మూలార్థాన్నే పట్టుకున్నారా? ఇక్కడ "అలేథేయ"కు అర్థం ఏమిటో గ్రీకు, హీబ్రూ చదివిన పెద్దలు చెప్పాలని కోరుతున్నాను.

పాతబైండు:
అరసున్న గారూ, మీ జ్ఞాపకంలో రెండు వచనాలు కలిసిపోయాయి. "జరిగించు" అన్నది యోహాను మొదటి పత్రిక 1:6లోని క్రియ: "మనమబద్ధమాడుచు సత్యమును జరిగింపకుందుము." వెలుగునొద్దకు రావడం సువార్తలోనిది. గ్రీకు క్రియ రెండుచోట్లా ఒకటే కనుక మీ జ్ఞాపకం అనువాదకులకంటే మూలానికి దగ్గరగా ఉందని కూడా అనవచ్చు.

ఇక అర్థం సంగతి. ఈ నుడికారం గ్రీకుది కాదు, హీబ్రూది. ఆదికాండము 47:29లో యాకోబు మరణం దగ్గరపడగా యోసేపును పిలిచి, తన తొడకింద చెయ్యి పెట్టి ప్రమాణం చేయమంటూ, తనను ఐగుప్తులో పాతిపెట్టవద్దని వేడుకుంటాడు. అక్కడ అతడు కోరేది తనపట్ల "హెసెద్" (దయ), "ఎమెత్" (సత్యం, నమ్మకం) చేయమని. హీబ్రూ లేఖనాలను పూర్వం గ్రీకులోకి తెచ్చిన సెప్టువజింతు అనువాదకులు ఆ "ఎమెత్"ను "అలేథేయ" అన్నారు. మన తెలుగు బైబిలు "నమ్మకము" అన్నది. చనిపోయిన తండ్రికి ఇచ్చిన మాటను అడిగేవారు ఎవరూ ఉండరు. అయినా యాభయ్యో అధ్యాయంలో యోసేపు ఆ శవాన్ని కనాను దాకా మోసుకుపోతాడు. సత్యాన్ని చేయడమంటే అదే. మృతసముద్రం దగ్గరి కుమ్రానులో దొరికిన ప్రాచీన యూద సమాజ నియమావళి ఆరంభంలోనే సత్యాన్నీ నీతినీ న్యాయాన్నీ "చేయడం" గురించి ఉంది కనుక, యోహాను కాలానికి కూడా ఈ నుడికారం యూదుల నోట సజీవంగానే ఉంది. "ఎమెత్"కు మూలధాతువులోని భావం స్థిరత్వం. "ఆమేన్" కూడా ఆ ధాతువు నుండి పుట్టిందే. కాబట్టి 3:21లోని అలేథేయకు "చెప్పిన మాటపై నిలవడం" అని అర్థం చెప్పుకోవాలి.

తాళపత్రం:
పాతబైండు గారు హీబ్రూను చక్కగా చూపారు కానీ, గ్రీకు మాటలోని మొదటి అక్షరాన్ని విడిచిపెట్టారు. "అలేథేయ"లోని ఆ "అ" మన నఞ్ సమాసంలోని (అసత్యం, అధర్మం వంటి మాటల్లోని) "అ" వంటిదే. "లేథే" అంటే మరపు. "లంథానో" అంటే కంటబడకుండా ఉండడం. మరుగు లేనిది, మరపు లేనిది అలేథేయ. ఇది నేటి తత్త్వవేత్తలు కల్పించిన వ్యుత్పత్తి మాత్రమే అనుకోనక్కరలేదు. ప్రాచీన గ్రీకు కవి హెసియొద్ తన దేవతల వంశావళిలో కలహదేవత సంతానంలో "లేథే"ను చెప్పిన కొద్ది పంక్తులకే సముద్ర వృద్ధుడు నేరెయుస్‌ను తెచ్చి, అతడు అబద్ధమాడనివాడనీ "అలేథేస్" (సత్యవంతుడు) అనీ, ధర్మాలను మరచిపోడనీ అంటాడు. ఆ "మరచిపోడు" అన్న క్రియ లేథే ధాతువుదే. ఆ కవికి ఈ "అ" స్పష్టంగానే వినబడింది.

ఇప్పుడు యోహాను 3:20, 21 పక్కపక్కన చదవండి. దుష్కార్యం చేసేవాడు తన క్రియలు బయటపడతాయని వెలుగునొద్దకు రాడు. అలేథేయను చేసేవాడు తన క్రియలు "ప్రత్యక్షపరచబడునట్లు" వస్తాడు. దాగడం, బయటపడడం, చీకటి, వెలుగు అన్నీ ఒకేచోట ఉన్న ఆ వాక్యంలో సరిగ్గా "మరుగు లేనిది" అన్న మాట పడడం యాదృచ్ఛికమని నేననుకోను. నిర్గమకాండములో దేవుని చిత్తం తెలుసుకోవడానికి ప్రధానయాజకుడు రొమ్ముమీద ధరించిన ఊరీము తుమ్మీములను కూడా సెప్టువజింతు "దేలోసిస్", "అలేథేయ" అన్నది. దేలోసిస్ అంటే వెల్లడి. వెల్లడి పక్కన అలేథేయను నిలిపిన యూద అనువాదకులకు ఆ మాటలోని వెలుగు తెలియదంటే నమ్మడం కష్టం.

శకటరేఫం:
తాళపత్రం గారూ, మాట పుట్టుక వేరు, మాట వాడుక వేరు. 1961లో బైబిలు పండితుడు జేమ్స్ బార్ బైబిలు భాష అర్థవిచారంపై రాసిన గ్రంథంలో మందలించింది ఈ పద్ధతినే. ధాతువును పట్టుకుని దాని అర్థాన్ని ప్రతి ప్రయోగంలోకీ దింపితే వాక్యం మూగబోతుందని ఆయన వాదం. ఆ మందలింపు పాతబైండు గారికీ వర్తిస్తుంది. "ఎమెత్" ధాతువులో స్థిరత్వం ఉన్నంతమాత్రాన ప్రతి ఎమెత్తూ స్థిరత్వం కాదు, దాన్ని అలేథేయగా మార్చినప్పుడల్లా ఆ స్థిరత్వం గ్రీకులోకి వలస రాదు. మరుగులేనితనం వాదాన్ని 1927 నుండి ప్రచారం చేసిన జర్మన్ తత్త్వవేత్త హైడెగ్గర్ కూడా 1964 నాటి ఉపన్యాసంలో, ఆ భావాన్ని "సత్యం" అనే అర్థంతో సమానం చేయడం సరికాదని ఒప్పుకున్నాడు.

మన భాషలోనే చూడండి. "అక్షరం" అంటే క్షరం కానిది, నశించనిది. పిల్లవాడికి అక్షరాలు దిద్దించే తల్లి నాశరాహిత్యాన్ని దిద్దిస్తోందా? ఆమెకు అది "అ", "ఆ" మాత్రమే. మొదటి శతాబ్దపు గ్రీకువాడికి అలేథేయలోని "అ" ఆమెకు అక్షరంలోని "అ" వినబడినంతే వినబడి ఉంటుంది.

కృష్ణాతీరం:
చర్చ "అ" చుట్టూ తిరుగుతోంది కానీ, అరసున్న గారు అడిగిన "చేయడం" గురించి మన ఆదికవే చెప్పి ఉన్నాడు. నన్నయ శకుంతల నిండు సభలో దుష్యంతునితో నూరు నూతులకంటే ఒక బావి, నూరు బావులకంటే ఒక క్రతువు, నూరు క్రతువులకంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకులకంటే "ఒక సూనృత వాక్యము మేలు సూడగన్" అంటుంది. ఆమె అడుగుతున్నది నిజం చెప్పమని మాత్రమే కాదు. కణ్వాశ్రమంలో ఇచ్చిన మాటను నిలబెట్టమని. "సూనృతవ్రత" అని సంబోధించడంలోనే ఆ పట్టు ఉంది. సూనృతం అంటే ప్రియమైన సత్యం అని నిఘంటువులు చెబుతాయి. ఒక్క మాటలోనే కృపా సత్యమూ రెండూ ఒదిగాయన్నమాట. యోహాను 1:14లోని "కృపాసత్యసంపూర్ణుడు" చదివినప్పుడల్లా నాకు ఈ పద్యమే గుర్తుకొస్తుంది. నన్నయ అక్షరరమ్యత అంటాము గానీ, ఆ పద్యంలో మెట్టుమెట్టుకూ "మేలు" అన్న మాట పడే తీరు చూస్తే, అది ఒక స్త్రీ తన హక్కును లెక్కకట్టి రాజు ముందు పెట్టినట్టుంటుంది.

పాతబైండు:
కృష్ణాతీరం గారికి కృతజ్ఞతలు. ఇది నేను చెప్పిన ఎమెత్తే. భారత కథలో దుష్యంతుడు మరచిపోలేదు. సంస్కృత మూలంలో "స్మరన్నపి", అంటే గుర్తుండి కూడా, గుర్తులేదన్నాడని స్పష్టంగా ఉంది. అక్కడ సత్యానికి వ్యతిరేకం మరపు కాదు, మాట తప్పడం.

తాళపత్రం:
అయితే కాళిదాసు ఎందుకు అదే కథలో శాపాన్ని తెచ్చి, ఉంగరాన్ని పోగొట్టి, రాజును నిజంగానే మరపులో ముంచాడు? చేప కడుపులో ఉంగరం బయటపడగానే సత్యం బయటపడింది. భారతంలోని శకుంతలది ఎమెత్ అయితే కాళిదాసు శకుంతలది అచ్చమైన అలేథేయ: మరపు తొలగడం, మరుగు తొలగడం ఒకే క్షణంలో జరిగాయి. కాళిదాసుకు గ్రీకు తెలుసునని నేననడం లేదు. సత్యాన్ని మరపుకు ఎదురుగా నిలిపే భావన కవులకు సహజంగా తోస్తుందని అంటున్నాను. హెసియొద్‌కు తోచినది యోహానుకు తోచకూడదని నియమం లేదు.

శకటరేఫం గారి "అక్షరం" ఉదాహరణ కూడా నాకే ఉపకరిస్తుంది. దిద్దించే తల్లికి వినబడని ఆ "అ" కవికి కావలసినప్పుడు వినబడుతుంది. "ద్వావిమౌ పురుషౌ లోకే క్షరశ్చాక్షర ఏవ చ" అన్న గీతాశ్లోకంలో నిద్రపోతున్న వ్యుత్పత్తి ఒక్కసారిగా మేల్కొన్నది. సువార్తికుడు కూడా ఆ కోవలోని కవే.

శకటరేఫం:
గీతను మీరే తెచ్చారు కనుక దాన్నే గీటురాయిగా తీసుకుందాం. అక్కడ వ్యుత్పత్తి ఎలా మేల్కొన్నది? "క్షర" అన్న మాటను "అక్షర" పక్కనే పెట్టడం వల్ల. హెసియొద్ కూడా మరపు క్రియను "అలేథేస్" దగ్గరే పెట్టాడు. మరి యోహాను? "లంథానో" క్రియ కొత్త నిబంధనలో ఆరుసార్లు వస్తుంది: మార్కులో ఒకసారి, లూకాలో ఒకసారి, అపొస్తలుల కార్యములలో ఒకసారి, హెబ్రీయులకు రాసిన పత్రికలో ఒకసారి, పేతురు రెండో పత్రికలో రెండుసార్లు. యోహాను సువార్తలో ఒక్కసారీ లేదు. దాగడం చెప్పవలసి వచ్చినప్పుడల్లా, దేవాలయంలో రాళ్లెత్తినప్పుడు యేసు దాగడం కానీ, యూదుల భయంవల్ల అరిమతయియ యోసేపు రహస్య శిష్యుడిగా ఉండడం కానీ, ఆయన వాడింది "క్రుప్తో" అన్న వేరే క్రియను. అలేథేయ అన్న నామవాచకాన్ని ఇరవై అయిదుసార్లు వాడిన రచయిత, దాని వ్యుత్పత్తిని మోగించాలనుకుంటే ఒక్కసారైనా ఆ తీగను మీటి ఉండేవాడు.

3:20లో సత్యానికి ఎదురుగా ఉన్నది అబద్ధం కాదు, "ఫౌల", అంటే నీచకార్యాలు. ఎదురుమాట నడవడికి సంబంధించినది కనుక "సత్యవర్తనుడు" అన్న తెలుగు మాట దోషం లేనిదనే నా అభిప్రాయం. "దుష్కార్యము చేయు ప్రతివాడు"కు జోడీగా అది చక్కగా కుదిరింది.

పాతబైండు:
"వర్తన" విషయంలో మాత్రం శకటరేఫం గారితో ఏకీభవించలేను. వర్తనం అంటే నడత. యోహాను మూడో పత్రిక 4లో "సత్యమును అనుసరించి నడుచుకొను" అని నడకను చెప్పే వేరే గ్రీకు క్రియ ఉంది. సత్యవర్తనం అన్న మాట అక్కడ పెట్టవలసినది. నడవడం ఒక మార్గంలో సాగడం, చేయడం ఒక పనిని పూర్తిచేయడం. యోసేపు శవాన్ని కనానుకు చేర్చడం వర్తన కాదు, క్రియ. 3:21 చివర "తన క్రియలు దేవుని మూలముగా చేయబడి యున్నవని" అన్నప్పుడు గ్రీకులో "ఎర్గ" అన్న మాటే ఉంది. "సత్యమును జరిగించువాడు" అని ఉంటే ఆ క్రియలకు ఈ క్రియ అందేది.

బార్ మందలింపు విషయానికి వస్తే, నేను ధాతువును కాదు, ప్రయోగాలను చూపుతున్నాను. రోమా 15:8లో "దేవుని అలేథేయ" అన్నచోట పితరులకు చేసిన వాగ్దానాలను స్థిరపరచడం గురించే మాట్లాడుతున్నాడు. మన బైబిలు "దేవుడు సత్యవంతుడని స్థాపించుటకు" అన్నది. సత్యవంతుడంటే మన చెవికి హరిశ్చంద్రుడే, అంటే ఆడిన మాట తప్పనివాడు. లూకా మరికొన్ని చోట్ల, 9:27, 12:44, 21:3లో, "ఆమేన్" ఉండవలసిన స్థానంలో "అలేథోస్" (నిజముగా) అని గ్రీకు చేశాడు. యెషయా 65:16లోని "ఆమేన్ దేవుడు" సెప్టువజింతులో "అలేథినోస్" (సత్యమైన) దేవుడయ్యాడు. సిరియాక్ బైబిలు యోహాను 14:6లోని "సత్యము"ను "శ్రారా" అన్నది. దాని ధాతువులోనూ దృఢత్వమే ఉంది. ఇన్నిచోట్ల ఒకే అర్థం కనబడితే దాన్ని వలస అనాలి కానీ ఊహ అనకూడదు.

అరసున్న:
పెద్దలందరికీ నమస్కారాలు. నా ప్రశ్న ఇంకా కొంత మిగిలింది. పాతబైండు గారి అర్థమే సరైనదైతే, యోహాను 18:38లో పిలాతు "సత్యము అనగా ఏమిటి?" అన్నప్పుడు యోసేపు చేసిన ఆ ఎమెత్ గురించే అడిగాడా? రోమా అధికారి నోట ఆ హీబ్రూ అర్థం ఎలా వస్తుంది? అక్కడ గ్రీకులో "అలేథేయ"కు ముందు "హే" అన్న ఉపపదం (ఇంగ్లీషు "the" వంటిది) లేదని విన్నాను. ఆ ఒక్క అక్షరం లేకపోవడం వల్ల ప్రశ్న మారుతుందా?

కృష్ణాతీరం:
మారుతుందనే అనుకుంటాను. అంతకుముందు యేసు "సత్యమునుగూర్చి సాక్ష్యమిచ్చుటకు" అన్నచోట ఉపపదం ఉంది; అది ఆయన చెప్పిన ఆ సత్యం. పిలాతు దాన్ని తీసివేసి, ఏదో ఒక సత్యం గురించి అడిగాడు. తెలుగులో ఉపపదం లేదు కనుక ఈ తేడా మనకు వినబడదు. నా మనసు మాత్రం మళ్లీ నన్నయ సభకే పోతోంది: దుష్యంతుడు కూడా ఎదుట నిలబడి ఉన్న మనిషిని వదిలి, మాటను విడిగా తీసి ప్రశ్నించాడు.

శకటరేఫం:
ఉపపదం మీద అంత బరువు మోపలేము. గ్రీకులో "అలేథేయ" వంటి భావనామాలకు ఉపపదం ఉన్నా లేకున్నా అర్థం మారని సందర్భాలు చాలా ఉన్నాయి. "ఇది ఏమిటి" అని నిర్వచనం అడిగే వాక్యంలో అది లేకపోవడం వింత కాదు.

తాళపత్రం:
ఉపపదం మీద నేనూ పట్టుపట్టను, కానీ లంథానో లెక్క విషయంలో ఒక మాట మిగిలింది. శకటరేఫం గారు క్రియను లెక్కించారు, నామవాచకాన్ని లెక్కించలేదు. "లేథే" అన్న మాట కొత్త నిబంధనలో ఒకే ఒక్కసారి, పేతురు రెండో పత్రిక 1:9లో వస్తుంది: తన పూర్వపాపాలకు శుద్ధి కలిగిన సంగతి "మరచిపోయి" గ్రుడ్డివాడైనవాని గురించి. మూడు వచనాల తరువాత, 1:12లో, మీరంగీకరించిన "సత్యమందు" స్థిరపరచబడి ఉన్నా వీటిని మీకు ఎల్లప్పుడూ "జ్ఞాపకము చేయుటకు" సిద్ధంగా ఉన్నానంటాడు. మరపు, గుడ్డితనం, జ్ఞాపకం, అలేథేయ నాలుగూ నాలుగు వచనాల్లో ఉన్నాయి. గీతలో క్షరం అక్షరం పక్కనే ఉండాలన్న మీ గీటురాయికి ఇది నిలుస్తుందా లేదా?

శకటరేఫం:
నిలవదు. గీతలో "క్షర", "అక్షర" ఒకే పాదంలో ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. పేతురు పత్రికలో మరపుకు ఎదురుగా ఉన్నది జ్ఞాపకం, అలేథేయ కాదు. ఆ అలేథేయ పక్కనున్న "స్థిరపరచబడి" అన్న మాట చూస్తే అది పాతబైండు గారి పక్షానికే చేరుతుంది. అయినా ఆ పత్రిక రాసినది యోహాను కాదు, మనం మొదలుపెట్టినది యోహాను 3:21తో.

పాతబైండు:
"స్థిరపరచబడి" అన్న మాటను గుర్తించినందుకు శకటరేఫం గారికి కృతజ్ఞతలు. అరసున్న గారూ, పిలాతు ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు ఇది: వెనుక 18:37లో ఉన్నది "సాక్ష్యమిచ్చుటకు" అన్న క్రియ, ప్రకటన 3:14లో "ఆమేన్ అనువాడు" అన్న పేరు పక్కన ఉన్నది కూడా "నమ్మకమైన సత్యసాక్షి" అన్న బిరుదు. అడిగినవాడు రోమీయుడే అయినా, చెప్పినవాడు రోమీయుడు కాదు. పిలాతు ఆ మాటను ఏ అర్థంలో విన్నాడన్నది వేరే చర్చ. అందుకు యోహాను 19:8 నుండి 11 వరకు ఉన్న సంభాషణను కూడా కలిపి చదవాలి.