ట్రియోకి తెలుగు మాట: త్రయమా, ముప్పిరా?

గుంపులోని పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను, సాయం చేయండి. అమెరికన్ పియానో కళాకారుడు బిల్ ఇవాన్స్ ట్రియో, అంటే ముగ్గురు కలిసి వాయించే బృందం, వాయించిన ‘సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్’ అనే జాజ్ ఆల్బం గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. పియానో, బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం), డ్రమ్స్, అంతే. మొదటి వాక్యంలో ‘పియానో త్రయం’ అని రాసి, పైకి చదువుకుని, కొట్టేశాను. నిఘంటువు ప్రకారం తప్పేమీ లేదు. చెవి మాత్రం ఒప్పుకోలేదు.

త్రయం అనగానే మనకు కవిత్రయం గుర్తొస్తుంది. నన్నయది 11వ శతాబ్దం, తిక్కనది 13, ఎర్రనది 14. ముగ్గురూ ఒకచోట కూర్చుని ఒక్క పద్యం రాసింది లేదు. భారతం ఒక్కటే కాబట్టి తర్వాతివాళ్లం వాళ్లను ఒకే దండలో గుచ్చుకున్నాం. సంగీత త్రిమూర్తుల సంగతి చూడండి. ముగ్గురూ తిరువారూరులోనే పుట్టారు, ఒకే కాలంవాళ్లు. అయినా త్యాగరాజ కీర్తన త్యాగరాజుదే, దీక్షితుల కృతి దీక్షితులదే. అంటే త్రయం అనే మాట గొప్పవాళ్లను లెక్కపెడుతుంది, పక్కపక్కన నిలబెడుతుంది. వాళ్లు కలిసి ఏం చేశారన్నది ఆ మాటలో లేదు.

ఇద్దరి విషయంలో మనకు ఈ ఇబ్బంది లేదు. జంట ఉంది. జంట కవులు అంటే ఇద్దరూ కలిసి రాశారనే అర్థం, విడివిడిగా ఇద్దరు మంచి కవులని కాదు. ముగ్గురికి అలాంటి మాట ఏది?

ఆ ముగ్గురూ చేసిందేమిటో చెబితే నా ఇబ్బంది మీకు అర్థమవుతుంది. 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో, మెట్లు దిగి వెళ్లే చిన్న నేలమాళిగ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్. మధ్యాహ్నం రెండు విడతలు, సాయంత్రం మూడు విడతలు వాయించారు, రివర్‌సైడ్ అనే రికార్డుల కంపెనీ అదంతా రికార్డు చేసింది. పియానో బిల్ ఇవాన్స్, బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషియన్. వింటుంటే గ్లాసులు తగిలే చప్పుడు, బల్లల దగ్గర జనం మాట్లాడుకోవడం, ఎవరో నవ్వడం, అన్నీ వినిపిస్తాయి.

అప్పటిదాకా ట్రియో అంటే చాలావరకు పియానో ఆయన కచేరీ. బేస్ ఆయన పని ఒక్కో తాళ ఆవర్తనానికి నాలుగు దెబ్బలు తప్పకుండా వేస్తూ పోవడం. దాన్ని ‘వాకింగ్ బేస్’ అంటారు, నిజంగానే అడుగులేసి నడిచినట్టు ఉంటుంది. లఫారో చాలాచోట్ల ఆ నడక మానేశాడు. పియానో ఒక మాట అని ఆగితే, ఆ ఖాళీలో ఇతను మనిషి గొంతంత దగ్గరగా ఇంకో మాట అంటాడు. అది ముగియకముందే పియానో అందుకుంటుంది. మోషియన్ పుల్లలు పక్కనపెట్టి, సన్నటి తీగల కుచ్చులాంటి బ్రష్‌లతో డ్రమ్ము మీద రాస్తాడు. దెబ్బ పడాల్సిన చోట కొన్నిసార్లు వేయడు. వేయకపోయినా తాళం మన లోపల నడుస్తూనే ఉంటుంది. నేను మూడుసార్లు బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వినాలని కూర్చున్నాను. మూడుసార్లూ రెండు నిమిషాల్లో ఎవరి వెంట వెళ్తున్నానో మర్చిపోయాను.

దీన్ని ‘పియానో, దానికి పక్కవాద్యాలు’ అని ఎలా రాయను?

కామెంట్లు చదివాక రాస్తున్నది

ఇంత మంది స్పందిస్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు.

ఒక మాస్టారు ‘త్రికం’ సూచించారు. అందమైన మాటే. కానీ మన వ్యాకరణంలో త్రికం అంటే ఆ, ఈ, ఏ. త్రికసంధి బళ్లోనే చదువుకున్నాం. ఆ మూడూ ఒకే జాతివి, నిజమే, కానీ ‘అక్కాలం’ అన్నచోట ‘ఈ’కి పనిలేదు. ఒకటి ఉన్నచోటికి మిగతా రెండూ రావు. నాకు కావలసినదానికి ఇది సరిగ్గా ఎదురు.

పక్కవాద్యంలో చిన్నతనమేమీ లేదని ఇంకొకరు కొంచెం గట్టిగానే అన్నారు. ఒప్పుకుంటాను. మన కచేరీలో పాటకు ఫిడేలు, మృదంగం, అవీ మూడే. రాగాలాపనలో ఫిడేలు గాయకుడి వెనకాలే వచ్చి, తన వంతు రాగానే ముందుకొచ్చి వాయించే తీరు నాకు ప్రాణం. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అదే ఫిడేలుతో సోలో కచేరీలు చేశారు. అయితే ‘పక్క’ అన్నప్పుడే నడుమ ఒకరు ఉన్నారని మాట చెప్పేస్తోంది కదండీ. మన కచేరీకి ఆ మాట సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ నిజంగానే నడుమ ఒకరున్నారు. ఈ ఆల్బంలో ఆ నడిమి చోటు నిమిషానికొకరిది.

‘ముప్పేట’ అన్న చెల్లెమ్మకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మూడు పేటల గొలుసు కళ్ల ముందు కనబడింది. పైగా ముక్కంటి, ముల్లోకాలు, ముప్పొద్దులా, ముక్కాలిపీట వరసలో పక్కా తెలుగు మాట. రెండు ఇబ్బందులున్నాయి. పత్రికలు దాన్ని ‘ముప్పేట దాడి’ అని వాడి వాడి, ఆ మాట వింటే ఇప్పుడు యుద్ధమే గుర్తొస్తోంది. రెండోది, గొలుసులో పేటలు కొక్కెం దగ్గర కలుస్తాయి, మధ్యలో దేని దారి దానిదే.

కానీ ఆ ముప్పేటే నన్ను అసలు మాట దగ్గరికి తీసుకెళ్లింది. ముప్పిరి. ‘ఆనందం ముప్పిరిగొంది’, ‘ఆలోచనలు ముప్పిరిగొన్నాయి’ అని రాస్తుంటాం, మూడింతలై కమ్ముకున్నాయని. లోపల ఉన్నది తాడు. పిరి అన్నా పురి అన్నా మెలి. పురికొసలో ఉన్నదీ అదే పురి.

మా తాతయ్య గోగునారతో తాళ్లు పేనేవాడు. మూడు పాయలు తీసుకుని, ముందు ఒక్కోదానికి విడిగా కుడివైపు పురి ఎక్కించేవాడు. ఒక కొస నన్ను పట్టుకోమనేవాడు. పురి ఎక్కిన పాయ చేతిలో బతికున్నదానిలా మెలితిరిగేది, ఏమాత్రం వదిలినా విప్పుకుపోయేది. తర్వాత మూడింటినీ కలిపి ఎడమవైపు తిప్పేవాడు. ఒక్కో పాయా విడిపోవాలని చూస్తుంది, ఆ విడిపోవాలనే బిగువే పక్కదాన్ని గట్టిగా చుట్టుకునేలా చేస్తుంది. అందుకే ఆ తాడు ముడి వేయకపోయినా ఊడదు. తయారైన తాడు మీద వేలు పెట్టి రాస్తూ పోతే ఒక పాయ పైకొస్తుంది, కిందికి పోతుంది, రెండోది పైకొస్తుంది. లఫారో, ఇవాన్స్, మోషియన్ వాయించింది నాకు ఇలాగే వినబడుతుంది. ఎవరి పురి వాళ్లకుంది, అది పోలేదు.

ఇక కింద కామెంట్లలో అడిగిన ఇంకో ప్రశ్న. అదే రోజు రికార్డింగులతో 1962లో వచ్చిన రెండో ఆల్బం ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ (వాల్ట్జ్ అంటే మూడు దెబ్బల తాళంలో నడిచే నృత్య సంగీతం). ఆ డెబీ ఎవరని అడిగితే ‘బిల్ ఇవాన్స్ మేనకోడలు’ అని ఒకరు జవాబిచ్చారు. ఇంగ్లీషు ‘నీస్’ మనల్ని ఇక్కడ దారి తప్పిస్తుంది. డెబీ ఆయన అన్న హ్యారీ కూతురు. అక్కచెల్లెళ్ల కూతురైతే మేనకోడలు. అన్న కూతురు మనకు కూతురు వరసే, ఇవాన్స్ ఆ పాపకు బాబాయి అవుతాడు. మనకిది చిన్న తేడా కాదు. ‘కూతురి వరస పాప కోసం కట్టిన వాల్ట్జ్’ అనుకుని మళ్లీ విన్నాను. మూడు మూడు దెబ్బల్లో ఊయల ఊగినట్టు మొదలై, తర్వాత నాలుగులోకి మారి పరుగందుకుంటుంది. పాప ఊయల దిగినట్టే అనిపించింది.

‘ట్రియో అనే రాసెయ్యొచ్చుగా, టెన్షన్ ఎందుకు’ అన్నవారికి: రాస్తాను, చాలాచోట్ల అదే రాస్తాను. బేస్, డ్రమ్స్, ఆల్బం రాసినవాణ్ణి ట్రియో రాయనా? వ్యాసంలో ఒక్కచోట మాత్రం నాకు తెలుగు మాటే కావాలి.

ఆ ఆదివారం తర్వాత పదకొండో రోజున, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. పాతికేళ్లు. మొదటి ఆల్బంకి పాటలు ఎంచినప్పుడు అతని బేస్ బాగా వినిపించేవాటికే చోటిచ్చారు. అతను కట్టిన ‘గ్లోరియాస్ స్టెప్’తో మొదలై, అతనిదే ‘జేడ్ విజన్స్’తో ముగుస్తుంది. ఇవాన్స్ కొన్ని నెలలపాటు కచేరీలే చేయలేదు. ఇంత చెప్పాక ఆ పేరాను ఇలా రాసుకున్నాను:

“రెండేళ్లు పేనిన ముప్పిరి అది. అందులో ఒక పాయ తెగింది.”

ఇక్కడ ‘ముప్పిరి’ని ఇలా ఒంటరిగా, నామవాచకంగా వాడితే మీ చెవికి ఆనుతోందా? లేక ‘ముప్పిరి తాడు’ అని విడమరచి చెప్పాలా? మీ ఊళ్లో తాళ్లు పేనేవాళ్లు దీన్ని ఇంకేమైనా అంటే అదీ రాయండి.