'థోల్' అనే పాత స్కాట్స్ క్రియను తెలుగులో ఎలా చెప్పాలి?

స్కాట్లాండ్ పాత కోర్టు విచారణల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ 'థోల్' అనే క్రియ దగ్గర ఆగిపోయాను. భాషాశాస్త్రం తెలిసినవాళ్లు, అటువైపు ఉంటున్న మనవాళ్లు కాస్త సాయం చేయండి.

ఓర్చుకోవడం, బాధను పంటి బిగువున భరించడం దీని అసలు అర్థం. పాత ఇంగ్లీషులో 'థోలియన్', స్కాండినేవియా ప్రాచీన భాష పాత నార్స్‌లో 'థోలా'. మామూలు ఇంగ్లీషులో వాడుక పోయినా స్కాట్లాండ్‌లో, ఉత్తర ఇంగ్లండ్‌లో, ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లో నిలిచింది. ఎత్తడం, మోయడం అనే అర్థమున్న పాత ఇండో-యూరోపియన్ ధాతువు దీనికి మూలం. సంస్కృతం నుంచి మనకొచ్చిన 'తుల' కూడా అక్కడిదే. తులాభారంలోని తులకీ దీనికీ చుట్టరికమంటే భలే అనిపించింది! (పడవ తెడ్డును ఆనించే మేకునూ 'థోల్' అంటారు గానీ అది వేరే మాట, దాన్ని ఇందులో కలపొద్దు.)

చిక్కంతా 'థోల్డ్ అసైజ్' దగ్గర ('అసైజ్' అంటే ఇక్కడ విచారణ). ఒకసారి విచారణ పూర్తయినవాణ్ణి అదే నేరానికి మళ్లీ బోనెక్కించకూడదనే స్కాట్స్ న్యాయసూత్రం అది. 2011లో స్కాట్లాండ్‌లో వచ్చిన చట్టం దీనికి కొన్ని మినహాయింపులు పెట్టింది. 'విచారణను ఓర్చుకున్నవాడు' అంటే నవ్వొస్తుంది. 'ఎదుర్కొన్నవాడు' అంటే అర్థం తెలుస్తుంది గానీ పడ్డ బాధ ఎగిరిపోతుంది. శిక్ష అనుభవించాడు అంటాం కదా, అలా 'విచారణ అనుభవించినవాడు' అంటే కుదురుతుందా? లేక శిక్షే పడిందనుకుంటారా? మన కోర్టు తెలుగులో దీనికి వాడే మాట ఏదైనా ఉంటే లాయర్లు చెప్పండి.

అబర్డీన్, గ్లాస్గో వైపు ఉన్నవాళ్లకు ఇంకో ప్రశ్న: ఈ మాట అక్కడివాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తోందా? ఎలాంటి సందర్భంలో అంటారో ఒక వాక్యం రాసినా చాలు.