ఢిల్లీ హాస్టల్లో చిన్న బీరువా: ఎన్ని జతలు పట్టుకెళ్ళాలి?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. ఢిల్లీ యూనివర్సిటీలో ఎం.ఏ. సీటు వచ్చింది. నార్త్ క్యాంపస్ దగ్గర హాస్టల్లో ఆగస్టు మొదట్లో చేరాలి. మాది రాజమండ్రి. గదికి ఇద్దరం. సీనియర్ ఒకావిడ బీరువా ఫొటో పంపారు. గోడలో కట్టిన సన్నటిది, మూడు అరలు, హ్యాంగర్లకి చిన్న కడ్డీ, అంతే. మంచం కింద కాస్త చోటుంది. ఇక్కడ అమ్మ పద్దెనిమిది చుడీదార్లు, నాలుగు పట్టుచీరలు, స్వెట్టర్లు, రెండు బొంతలు తీసి పెట్టింది. తగ్గిద్దామంటే "అంత దూరం వెళ్తున్నావు, ఎప్పుడు ఏది అవసరమవుతుందో" అంటోంది. అక్కడ ఉండి చదివినవాళ్ళు చెప్పండి, నిజంగా ఏమేం కావాలి?

ఓరుగల్లు_అక్క:
చెల్లీ, ముందుగా అభినందనలు. ఏడాదికి సరిపడా ఒకేసారి సర్దకు. దసరాకో దీపావళికో ఇంటికి వస్తావు కదా, అప్పటిదాకా కావలసినవే పట్టుకెళ్ళు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడా వాన, ఉక్కపోత. మీ రాజమండ్రిలో వేసుకునేవే అక్కడా వేసుకుంటావు. చలి నవంబరు సగంలో మొదలై డిసెంబరు చివర, జనవరిలో ముదురుతుంది. హోలీ నాటికి మళ్ళీ నూలు బట్టలే. ఉన్నిబట్టలూ పల్చటి కుర్తీలూ ఒకేసారి బీరువాలో ఉండాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. బీరువా చిన్నదే, కానీ అది ఒక్క కాలానికి సరిపోతే చాలు.

నన్నడిగితే ఇప్పుడు ఏడు కుర్తీలు, మూడు ప్యాంట్లు, రెండు చున్నీలు, రాత్రికి మూడు జతలు. ప్యాంట్లు, లెగ్గింగులు నలుపు, ముదురు నీలం రంగుల్లోనే తీసుకో. ఏ కుర్తీ తీసినా దేని మీదకైనా నప్పాలి. సెట్టుగా కుట్టించిన చుడీదార్లతో వచ్చే చిక్కు అదే. ప్యాంటు ఉతుకులో ఉంటే ఆ టాప్ కూడా ఊరికే కూర్చుంటుంది.

పాలమూరు_తమ్ముడు:
అక్క చెప్పింది కరెక్ట్. నేను ఒకటి కలుపుతా. ఎన్ని జతలు అనేది బీరువాని బట్టి కాదు, బట్టలు ఎంతసేపట్లో ఆరుతాయన్నదాన్ని బట్టి లెక్కేసుకోవాలి. వానల్లో మందపాటి జీన్స్ రెండు రోజులైనా నడుము పట్టీ దగ్గర తడిగానే ఉంటది. అది ఆరేదాకా ఇంకోటి కావాలి, ఆ ఇంకోటికి బీరువాలో చోటు కావాలి. అందుకే అబ్బాయిలకైనా ఒక్క జీన్స్ చాలు, మిగతావి పల్చటి ప్యాంట్లు పెట్టుకోండి. టవల్ విషయంలో కూడా అంతే. ఒత్తుగా ఉండే టర్కీ టవల్ వద్దు. మన నేత తువ్వాళ్ళు రెండు తీసుకెళ్తే పొద్దున ఉతికింది సాయంత్రానికి చేతికొస్తది, మడిస్తే పుస్తకమంత కూడా ఉండదు.

తెల్లబట్టలు తగ్గించండి. బోరు నీళ్ళు వచ్చే హాస్టళ్ళల్ల ఉప్పదనం ఎక్కువ. సబ్బు సరిగా నురగ రాదు, తెలుపు తొందరగా మాసినట్టయితది. దీపావళి తర్వాత పొగ, దుమ్ము ఉంటయి కాబట్టి బయట ఆరేసినవి కూడా ఆరంగనే లోపలికి తెచ్చుకోవాలి.

ఖమ్మం_అమ్మ:
మా అమ్మాయి కూడా అక్కడే హాస్టల్లో ఉండి చదివింది, అందుకని తల్లి వైపు నుంచి చెబుతాను. మీ అమ్మగారి భయమల్లా మర్చిపోతే ఎలా అని. ఆవిడతో ఇలా అనమ్మా: "మిగిలినవి ఒక సంచిలో కట్టి ఇంట్లోనే ఉంచు, కావలసి వస్తే స్పీడ్ పోస్టులో పంపు." నేను అలాగే చేశాను. పోస్టులో పంపడానికి సిద్ధంగా సంచి ఇంట్లో ఉందంటే మనసు కుదుటపడుతుంది. మా సంచిలోంచి ఒక శాలువా తప్ప ఏదీ బయటికి తీయలేదు.

మంగళగిరి, వెంకటగిరి నూలు చుడీదార్లు పెట్టాలని ఉంటుంది నాలాంటి వాళ్ళకి. ఒకటి రెండు చాలమ్మా. గంజి, ఇస్త్రీ లేకపోతే వాటికి అందం రాదు. చాలా హాస్టళ్ళలో గదిలో ఇస్త్రీ పెట్టె వాడనివ్వరు, బయట ఇవ్వాలి. కొత్త బట్టలైతే ఇంటి దగ్గరే రాళ్ళ ఉప్పు నీళ్ళలో ఒకసారి ముంచి, విడిగా ఉతికి పంపించండి. పక్కమ్మాయి బట్టలతో కలిపి నానబెట్టినప్పుడు రంగు దిగితే అనవసరంగా మాటలు వస్తాయి.

సాగరతీరం:
చలిబట్టల గురించి. ఇక్కడ కొన్న స్వెట్టరు మన చలికి చాలు, ఢిల్లీ జనవరికి చాలదు. కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే కిందికి దిగే రోజులుంటాయి. పొగమంచు వల్ల మధ్యాహ్నం కూడా ఎండ రాని రోజులుంటాయి. గదిలో హీటరు ఉండదు, కింద నేల చల్లగా తగులుతుంది. అక్కడ మందపాటి స్వెట్టర్లు నాలుగు ఉండటం కన్నా, లోపల థర్మల్, మధ్యలో ఒక ఉన్ని స్వెట్టరు, పైన గాలి చొరని జాకెట్టు వేసుకోవడం మేలు. థర్మల్స్ రెండు జతలు, స్వెట్టర్లు రెండు, జాకెట్టు ఒకటి, ఉన్ని సాక్సులు నాలుగు, తలకి టోపీ. ఒక అర కూడా నిండదు. జాకెట్టుని తలుపు వెనక మేకుకి తగిలించుకోండి.

కొనడానికి కమలానగర్ మార్కెట్ నార్త్ క్యాంపస్ పక్కనే. కశ్మీరీ గేట్ బస్టాండు దగ్గర టిబెటన్ల మొనాస్టరీ మార్కెట్లో జాకెట్లు బాగుంటాయి, బేరం ఆడాలి. సరోజినీ నగర్ వెళ్తే సోమవారం వద్దు, ఆ రోజు సెలవు. బొంతలు మోయకండి, రజాయి (దూది కూరిన దుప్పటి) అక్కడే దొరుకుతుంది.

ఓరుగల్లు_అక్క:
సాగరతీరం గారూ, అన్నీ అక్కడే కొనుక్కోమనడం అందరికీ కుదరదండీ. స్కాలర్‌షిప్ డబ్బులు ఆలస్యంగా పడే పిల్లలున్నారు. ఇంట్లో మంచి శాలువా, నాన్నగారి పాత ఉన్ని స్వెట్టరు ఉంటే దీపావళికి వచ్చినప్పుడు తీసుకెళ్ళమనండి. జాకెట్టు, థర్మల్స్ మాత్రం అక్కడ కొంటే చాలు. హాస్టల్ వదిలి వెళ్ళే సీనియర్లు రజాయిలు, బకెట్లు తక్కువకి ఇచ్చేస్తారు, ముందే అడిగి పెట్టుకోవాలి.

గోదారి_గట్టు:
అక్కా, అందరికీ థ్యాంక్స్. అమ్మకి ఖమ్మం అమ్మగారి మాట చదివి వినిపించాను, బొంతలు మళ్ళీ ఇంటి బీరువాలోకి వెళ్ళాయి. చీరల దగ్గరే ఆగింది. ఫ్రెషర్స్ పార్టీ, సంక్రాంతి, ఉగాది అంటోంది.

విజయవాడ_వాణి:
ఒక చీర పట్టుకెళ్ళమ్మా, అదీ పట్టు కాకుండా తేలికైనది. చీర ఎవరి దగ్గరైనా అడిగి కట్టుకోవచ్చు, జాకెట్టు మాత్రం మన కొలతకి మనదే ఉండాలి. నలుపు ఒకటి, బంగారు రంగు ఒకటి కుట్టించుకుంటే హాస్టల్లో ఎవరి చీర మీదకైనా సరిపోతాయి. ఒక లంగా, పిన్నుల డబ్బా. మా అంతస్తులో పండగలన్నీ అలాగే గడిచేవి. ఒకరి చీర ఇంకొకరు కట్టుకోవడం వల్లే సగం స్నేహాలు కలిశాయి.

పాలమూరు_తమ్ముడు:
పెట్టె గురించి ఎవరూ అనలేదు. గట్టి సూట్‌కేసు ఖాళీ చేసినాక కూడా అంతే చోటు తింటది. ఒకటే సూట్‌కేసు తీసుకొని మంచం కింద పెట్టి, కాలం కాని బట్టలు అందులో దాచాలి. రెండోది మడతపడే గుడ్డ బ్యాగు అయితే అరలోకైనా, పరుపు కిందికైనా పోతది. రైల్లో థర్డ్ ఏసీకి 40 కిలోలు ఉచితం, కానీ స్టేషన్లో మెట్లెక్కి మోసేది మనమే. వేసవి సెలవులకి గదులు ఖాళీ చేయించే హాస్టళ్ళు ఉంటయి, ఆ రోజు రెండు పెట్టెల్లో పట్టనిదేదీ మీ దగ్గర ఉండొద్దు.

ఖమ్మం_అమ్మ:
ఉన్నిబట్టలు ఫిబ్రవరి చివర ఎండలో వేసి, పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టండి. ఎండిన వేపాకు గుడ్డలో మూటగట్టి మధ్యలో ఉంచితే చాలు. కలరా ఉండలు వాసన ఎక్కువ, చిన్న గదిలో తలనొప్పి వస్తుంది.

విజయవాడ_వాణి:
ఇంకొకటి, లోదుస్తుల్లో మాత్రం పిసినారితనం వద్దు. పది జతలు ఉండాలి, నెలసరి రోజులకి ముదురు రంగువి విడిగా నాలుగు. చలికాలంలో ఎండ లేని వారం వస్తే ముందు కొరత వచ్చేది అవే. చెప్పులు బాత్రూముకి ఒక జత, తిరగడానికి ఒకటి, బూట్లు ఒకటి. బూట్లు మంచం కింద, బీరువాలోకి తేవద్దు.

గోదారి_గట్టు:
సరే అక్కా. తొమ్మిది కుర్తీలకి రాజీ కుదిరింది, ఒక చీర. చీర మీది జాకెట్లకి కొలతలు ఇవ్వడానికి రేపు టైలర్ దగ్గరికి వెళ్తున్నాం.