ట్రైలర్ లాగే ట్రక్కుకి యూ జాయింట్లు మార్చాలి, ఏవి కొనాలి?

ఆస్టిన్_క్యాంపర్:
మాది 2006 సిల్వరాడో 1500, టూ వీల్ డ్రైవ్, ట్రాన్స్‌మిషన్ నుంచి వెనక చక్రాల వైపు తిప్పే షాఫ్ట్ ఒకటే ముక్క, దాని రెండు చివర్లా వంగే కీళ్ళే ఈ యూ జాయింట్లు. పిల్లలకి సెలవులొస్తే దాదాపు ఐదు వేల పౌండ్ల క్యాంపర్ తగిలించుకుని పోతాం. రెండు వారాలుగా రివర్స్ నుంచి డ్రైవ్‌లో వేయగానే వెనక ఠంగుమంటోంది. పార్కింగ్‌లో మెల్లగా పోనిస్తే పిచ్చుక అరిచినట్టు కీచుకీచుమని ఒకటే చప్పుడు, స్పీడు అందుకున్నాక వినపడదు. కింద దూరి చూస్తే వెనక జాయింట్ కొనలకి ఉండే కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి, కుంకుమ రాలినట్టుంది. ఇక్కడి ఒక షాపువాళ్ళు షాఫ్ట్ మొత్తం మార్చాలని చెప్పిన రేటు విని, నేనే మార్చుకుందామని డిసైడయ్యా. గ్రీజు కొట్టుకునే నిపుల్ ఉన్నవి కొనాలా, లోపలే గ్రీజు పెట్టి మూసేసిన సీల్డ్‌వి కొనాలా? ఇంకోటి, పాత జాయింట్‌కి కప్పుల్ని పట్టి ఉంచే లాకులే కనపడట్లేదు, మరి ఊడేదెలా?

ఆటోనగర్_అల్లుడు:
బ్రదర్, మా మామయ్యది బెజవాడ ఆటోనగర్‌లో షెడ్డు, అక్కడ వీటిని క్రాస్ అంటారు, ఆ అలవాటు నాకూ పోలేదు. మీకు లాకులు కనపడకపోవడం మామూలే. జీఎం, అంటే మీ సిల్వరాడో కంపెనీవాళ్ళు, చాలా షాఫ్టులకి కప్పులు బిగించాక సన్నటి రంధ్రంలోంచి కరిగిన ప్లాస్టిక్ ఎక్కిస్తారు, అది గట్టిపడి అదే లాకవుతుంది. సుత్తితో ఎంత బాదినా కదలదు, కప్పులు కూర్చునే షాఫ్ట్ చెవులు వంగుతాయి తప్ప. టార్చ్‌తో ఆ చోట వేడి పెడితే ప్లాస్టిక్ పురుగుల్లా బయటికొస్తుంది, అప్పుడు ప్రెస్సుతోనో పెద్ద వైస్‌తోనో నొక్కండి. షాఫ్ట్ అల్యూమినియందైతే మాత్రం టార్చ్ జోలికి పోకండి, డ్రైవ్‌షాఫ్ట్ షాపులో ఇచ్చేయండి. కొత్త క్రాస్‌కి లోపలి వైపు లాకులొస్తాయి.

కొనేముందు కొలవండి, ట్రక్కు మోడల్ చెప్పి కొంటే నమ్మకం లేదు, మధ్యలో ఎవరైనా షాఫ్ట్ మార్చి ఉండొచ్చు. 1330, 1350 అనే రెండు సైజుల జాయింట్లకీ వెడల్పు 3.625 అంగుళాలే, కప్పు సైజులోనే తేడా: 1330కి 1.062, 1350కి 1.188. టేపుతో కాదు, క్యాలిపర్‌తో చూడండి. ముందుదీ వెనకదీ ఒకే సైజనీ అనుకోవద్దు.

గ్రీజు_గన్:
లోడు లాగేవాళ్ళకి నా ఓటు సీల్డ్‌కే, నా పేరు చూసి నవ్వకండి. నిపుల్ ఉన్నదానికి మధ్యలోని ప్లస్ ఆకారపు క్రాస్ లోపల గ్రీజు దారి తొలిచి ఉంటుంది, అంతమేర ఇనుము తగ్గినట్టేగా. సీల్డ్‌లో క్రాస్ గట్టిగా ఉంటుంది, స్పైసర్ కంపెనీలో దొరుకుతాయి. కానీ నీళ్ళలో బోట్ దింపే పని ఉంటే నిపుల్‌దే మేలు, కొత్త గ్రీజు కొడితే లోపలి నీళ్ళూ మట్టీ బయటికి పోతాయి. నాలుగు కప్పుల దగ్గరా గ్రీజు పొంగాలి, మూడే పొంగితే ఆ నాలుగోదే ముందు పోతుంది. ఎప్పుడో ఏడాదికోసారి గుర్తొచ్చి కొట్టేవాళ్ళు సీల్డ్ కొనుక్కోవడమే నయం.

లోయలో_లారీ:
అందరూ పార్టుల గురించే చెప్తున్నారు, అసలుది వదిలేశారు. షాఫ్ట్ తీశాక పార్క్‌లో ఉన్నా బండి ఆగదు! పార్క్ పట్టుకునేది ట్రాన్స్‌మిషన్ షాఫ్ట్‌ని, చక్రాలకి దానితో సంబంధం తెగిపోతుంది. క్యాంపర్ విప్పేసి, సమంగా ఉన్న చోట చక్రాలకి చెక్కలు పెట్టాకే కింద దూరండి. తీసేముందు షాఫ్ట్‌కీ, జాయింట్‌ని పట్టుకునే యోక్‌కీ సుద్దతో గీతలు పెట్టుకోండి, ఎలా ఉన్నది అలాగే వెళ్ళాలి, లేకపోతే 60 మైళ్ళ మీద వణుకు మొదలవుతుంది. ముందు వైపు యోక్ లాగితే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కారుతుంది, ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండ్ వేయండి.

ఆస్టిన్_క్యాంపర్:
శనివారం పని అయింది, అందరికీ థ్యాంక్స్. షాఫ్ట్ ఇనుముదే, ప్లాస్టిక్ నిజంగానే పురుగుల్లా వచ్చింది, కంపు మాత్రం చెప్పలేను. సీల్డ్‌వే వేశా. వెనక జాయింట్ మూడో కప్పు సగంలో ఆగిపోయి లాకు గాడి కనపడలేదు, ఇంకాస్త నొక్కుదామనుకుని ఎందుకో ఆగి బయటికి తీసి చూస్తే కప్పు లోపలి బేరింగ్ సూదుల్లో ఒకటి పక్కకి పడి కప్పు అడుగున అడ్డంగా ఉంది. గ్రీజు అంటించి నిలబెట్టి మళ్ళీ ఎక్కిస్తే ఈసారి ఇబ్బంది లేకుండా దిగింది. లాకులేశాక కూడా జాయింట్ చేత్తో తిప్పితే బిగుసుకుపోయింది, యోక్ చెవి మీద సుత్తితో రెండు దెబ్బలేస్తే వదులైంది. పట్టీలూ బోల్టులూ కొత్తవే వేశా. నిన్న క్యాంపర్ తగిలించి వెళ్ళొచ్చా, ఠంగు లేదు, పిచ్చుకా లేదు.