ఎంజీబీ ఓవర్‌డ్రైవ్ పడటం లేదు: స్విచ్ మార్చాలా, గేర్‌బాక్స్ దించాలా?

అడయార్_అల్లుడు

అందరికీ నమస్కారం. ఉండేది చెన్నైలో. మా మామగారి 1978 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, ఇప్పుడు నా దగ్గరుంది. నల్ల రబ్బరు బంపర్ల మోడల్. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేక ఆయన తాళాలు నా చేతికిచ్చారు కానీ, బండి మీద పెత్తనం మాత్రం ఇంకా ఆయనదే.

ఓవర్‌డ్రైవ్ అంటే అదే వేగంలో ఇంజన్ తక్కువ తిరిగేలా చేసే యూనిట్, గేర్‌బాక్స్‌కు కలిసి ఉంటుంది. ఈ మోడల్‌లో దాని స్విచ్ గేర్ నాబ్ మీదే ఉంటుంది, నాలుగో గేర్‌లో మాత్రమే పనిచేస్తుంది. వేసవిలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద వెళ్తుంటే ఉన్నట్టుండి ఓవర్‌డ్రైవ్ ఊడిపోయేది. నాబ్‌ను ఎడమవైపు నొక్కి పట్టుకుంటే మళ్లీ పడేది. అక్టోబర్ వానలు మొదలయ్యాక అసలు పడటమే లేదు. స్విచ్ కదులుతోంది, టిక్కుమంటోంది, చూడటానికి ఏ లోపమూ లేదు.

మెకానిక్ నడిపి చూసి, "లోపల యూనిట్ పోయింది సార్, గేర్‌బాక్స్ దించాలి" అన్నాడు. ఈ కారులో గేర్‌బాక్స్ దించడమంటే ఇంజన్‌తో కలిపి పైకి లేపడమేనట. ఆ మాట విన్నప్పటి నుంచి టెన్షన్. మామగారేమో "ముందు ఇంగ్లండ్ నుంచి స్విచ్ తెప్పించు" అంటారు. ఎవరి మాట వినాలి? ఇంట్లో మల్టీమీటర్ ఉంది, సోల్డరింగ్ వచ్చు. గేర్‌బాక్స్ విప్పడం మాత్రం నా వల్ల కాదు.

వైజాగ్_వీల్స్

ముందు ఆయిల్ చూడండి అన్నా. ఎంజీబీలో గేర్‌బాక్స్‌కీ ఓవర్‌డ్రైవ్‌కీ ఒకటే నూనె. పోయాల్సింది 20డబ్ల్యూ50 ఇంజన్ ఆయిల్. మనవాళ్లు గేర్‌బాక్స్ అనగానే అలవాటుగా చిక్కటి గేర్ ఆయిల్ పోసేస్తారు. లెవెల్ తగ్గినా ఓవర్‌డ్రైవ్ పడదు.

పెరంబూరు_బాబాయ్

బాబూ, మెకానిక్ మాటా వద్దు, మామగారి మాటా వద్దు. మీటరు ఏమంటుందో వినండి.

మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. నాబ్ నొక్కితే ఓవర్‌డ్రైవ్ పడేది అన్నారు కదా. గేర్‌బాక్స్ లోపల పాడైన వస్తువు బయట నాబ్ వంచితే బాగుపడదు. కాబట్టి తేడా లివర్‌లోనే ఉంది: స్విచ్ కాంటాక్టులైనా అయి ఉండాలి, లివర్ గుండా కిందికి దిగే రెండు వైర్లైనా అయి ఉండాలి. నా అనుమానం వైర్ల మీదే. గేర్ మార్చిన ప్రతిసారీ అవి వంగుతాయి. 1978 నుంచి ఎన్నిసార్లు వంగి ఉంటాయో ఆలోచించండి. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి.

ఆ మెకానిక్‌ను కూడా మరీ తప్పు పట్టను. ఓవర్‌డ్రైవ్ ఉన్న బండ్లు మద్రాసులో ఎన్ని? నేను పని నేర్చుకున్నది ఇక్కడే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కార్ల మీద, వాటికి ఇది లేదు. చూడని వస్తువంటే ఎవరికైనా "లోపల పోయింది" అనడం తేలిక.

దీని పని ఇంతే. లోపల ఒక చిన్న పంపు, బండి కదులుతున్నంతసేపూ నూనె తోడుతుంటుంది. మీరు స్విచ్ వేయగానే సోలెనాయిడ్ అనే విద్యుదయస్కాంతానికి కరెంటు వెళ్లి ఒక వాల్వు మూసుకుంటుంది. నూనె ఒత్తిడి పెరిగి కోన్ క్లచ్‌ను జరుపుతుంది. గేరు నిష్పత్తి 0.82కి దిగుతుంది. బండి నిలబడి ఉంటే పంపు తిరగదు కాబట్టి ఇంట్లో మీరు చూడగలిగేది కరెంటు సంగతి ఒక్కటే. మీకు కావలసిందీ అదే.

గేర్ లివర్ అడుగున ఉన్న రబ్బరు తొడుగు పైకి జరపండి. లివర్ నుంచి వచ్చే రెండు వైర్లు కారు వైరింగ్‌తో కలిసే చోటు కనిపిస్తుంది. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, నాలుగో గేర్‌లో పెట్టండి. లివర్ వైర్లు రెండూ ఊడదీసి, కారు వైపు ఉన్న రెండు కొసల మధ్య మీటర్‌ను ఆంపియర్లలో పెట్టండి. అంటే స్విచ్ బదులు మీటరే కూర్చుంటుందన్నమాట. ఎర్ర ప్రోబ్ 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చడం మరవకండి, లేకపోతే మీటర్ ఫ్యూజు పోతుంది.

సుమారు ఒక ఆంపియర్ చూపిస్తే సోలెనాయిడ్, దాని ఎర్త్, గేర్‌బాక్స్ మీది ఇన్‌హిబిటర్ స్విచ్ (నాలుగో గేర్‌లో తప్ప కరెంటు వెళ్లనివ్వనిది) మూడూ బాగున్నట్టే, గేర్‌బాక్స్ జోలికి పోనక్కర్లేదు. సున్నా వస్తే రాయండి, అప్పుడు ఇంకోవైపు వెతుకుదాం. టిక్ శబ్దం కోసం చెవి పెట్టి కూర్చోకండి. మీ బండిలోది ఎల్‌హెచ్ రకం, దాని చప్పుడు వినబడీ వినబడనట్టు ఉంటుంది. 1967 వరకు వచ్చిన ఎంజీబీలలో ఉండే డి రకం అయితే గట్టిగా కొడుతుంది, లాగేటప్పుడు 15 ఆంపియర్లకు పైనే తీసుకుంటుంది. ఆ పాత లెక్క చూసి, ఒక ఆంపియర్ చాలదని కంగారు పడకండి.

ఇందిరానగర్_స్పిట్‌ఫైర్

బ్రో, ఇంత కష్టం ఎందుకు? నా ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ 1500 కారులో కూడా స్విచ్ నాబ్ మీదే ఉండేది. జె రకం ఓవర్‌డ్రైవ్. విసుగొచ్చి డాష్‌బోర్డ్ కింద టాగుల్ స్విచ్ పెట్టించా. ఇక్కడ బెంగళూరు ఎస్పీ రోడ్‌లో దొరికింది, మీకు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. బ్యాటరీ నుంచి టాగుల్‌కి, టాగుల్ నుంచి నేరుగా సోలెనాయిడ్‌కి. పని అయిపోతుంది.

పెరంబూరు_బాబాయ్

టాగుల్ పెట్టుకోవడంలో తప్పు లేదు నాయనా. "నేరుగా సోలెనాయిడ్‌కి" అన్నదే తప్పు. మధ్యలో ఇన్‌హిబిటర్ స్విచ్ ఎందుకు పెట్టారనుకున్నావు? ఓవర్‌డ్రైవ్ పడి ఉండగా రివర్స్ వేసి కదిలిస్తే లోపలి వన్‌వే క్లచ్ నలిగిపోతుంది. అప్పుడు నిజంగానే గేర్‌బాక్స్ దించాలి. రద్దీలో, పార్కింగ్‌లో టాగుల్ ఆఫ్ చేశామో లేదో ఎవరికి గుర్తుంటుంది? నీ బండికి ఈ వారమే ఇన్‌హిబిటర్ మళ్లీ కలిపించుకో. నీ టాగుల్ ఇగ్నిషన్ మీద కాకుండా బ్యాటరీ మీద ఉంది కాబట్టి, రాత్రంతా ఆన్‌లో ఉండిపోతే పొద్దున సెల్ఫ్ కూడా తిరగదు.

ఇందిరానగర్_స్పిట్‌ఫైర్

రివర్స్ విషయం తెలియదు బాబాయ్. శనివారం మార్పిస్తా.

అడయార్_అల్లుడు

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే మీటర్ పెట్టాను. 0.9 ఆంపియర్! మూడో గేర్‌లోకి మారిస్తే సున్నా, మళ్లీ నాలుగులో 0.9. ఆయిల్ కూడా చూశాను, లెవెల్ సరిగ్గా ఉంది, 20డబ్ల్యూ50నే.

తర్వాత నాబ్ పై మూత ఊడదీశాను. స్విచ్ లోపల ఇత్తడి కాంటాక్టులు నల్లగా మాడిపోయి ఉన్నాయి, చుట్టూ పచ్చటి చిలుము. సముద్రం గాలి పుణ్యం అనుకుంటా. స్విచ్ విడిగా మీటర్‌కి పెడితే ఒకసారి 2 ఓమ్‌లు, ఇంకోసారి 300, ఒక్కోసారి అసలు కలవడమే లేదు. వైర్లలో ఒకటి లివర్ బయటికి వచ్చే చోట పట్టుకుంటే మెత్తగా తగులుతోంది, లోపల తెగినట్టే ఉంది. అంటే స్విచ్ అన్న మామగారూ గెలిచారు, వైర్లన్న మీరూ గెలిచారు.

ఇప్పుడు ప్రశ్న: ఇదే స్విచ్ శుభ్రం చేసి వాడనా, కొత్తది తెప్పించనా? పుదుపేట విడిభాగాల బజారులో అడిగితే ఎంజీ అనగానే ఇప్పటి ఎస్‌యూవీలవి చూపిస్తున్నారు.

పెరంబూరు_బాబాయ్

పుదుపేటలో దొరకదు బాబూ. కొత్తదే తెప్పించండి, ఇంగ్లండ్‌లో పాత ఎంజీ విడిభాగాలు అమ్మేవాళ్ల దగ్గర ఈ స్విచ్ ఇంకా వస్తోంది. అది వచ్చేదాకా పాతదాన్ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి నడపండి. కాంటాక్టులను మాత్రం గరుకు కాగితంతో గీకకండి. పైపూత పోతే ఇంకా త్వరగా మాడుతుంది.

వైర్లకు ఆగక్కర్లేదు, ఈ ఆదివారమే మార్చేయండి. రిచీ స్ట్రీట్‌లో సిలికాన్ తొడుగు ఉన్న వైరు అడగండి. సన్న పోగులు ఎక్కువగా ఉండి దారంలా వంగుతుంది. ఇంటి వైరింగ్‌కు వాడే గట్టి వైరు వద్దే వద్దు. పాత వైర్లను లాగి పారేయకండి. వాటి కొసలకే కొత్తవి సోల్డర్ చేసి, పైన టేపు సన్నగా చుట్టి, కింది నుంచి మెల్లగా లాగితే కొత్తవి లివర్ లోపలికి వాటంతటవే దిగుతాయి. పాతవి ముందే తీసేస్తే ఆ సన్న గొట్టంలో కొత్త వైరు తోయడానికి పూట పడుతుంది.

లివర్‌లోంచి బయటికి వచ్చే రంధ్రం అంచు చేత్తో తడిమి చూడండి. పదునుగా ఉంటే చిన్న ఆకురాయితో నున్నగా చేసి, అక్కడ వైరుకు ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకుని పట్టేది) తొడగండి. కింద కాస్త వదులు ఉంచాలి. లివర్ రివర్స్‌లోకి, నాలుగులోకి పూర్తిగా కదిపినా వైరు బిగుసుకోకూడదు. లైనులో 3 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి వేయండి. లివర్‌లో వైరు తొడుగు అరిగి ఇనుముకు తగిలితే పొగ వచ్చేది క్యాబిన్‌లోకే.

ఇంకొకటి. కాంటాక్టులు ఎందుకు మాడాయి? ఒక ఆంపియరే కదా అనిపిస్తుంది. సోలెనాయిడ్ అంటే తీగచుట్ట. కరెంటు తీసేసిన క్షణంలో అది వెనక్కి పెద్ద వోల్టేజీ కొడుతుంది, ఆ నిప్పురవ్వ స్విచ్ కాంటాక్టుల మధ్యే ఎగురుతుంది. సోలెనాయిడ్‌కు వెళ్లే వైరుకీ ఎర్త్‌కీ మధ్య ఒక 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) పెట్టండి, గీత ఉన్న వైపు సోలెనాయిడ్ వైరుకు రావాలి. ఒకటి రెండు రూపాయల వస్తువు. మీది నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిసిన) బండి కాబట్టి ఇలా చెప్పాను. 1967కు ముందు ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్, వాటిలో డయోడ్ తిప్పి పెట్టాలి.

వైజాగ్_వీల్స్

డయోడ్ తిరగబడితే ఏమవుతుంది బాబాయ్?

పెరంబూరు_బాబాయ్

నాలుగో గేర్‌లో స్విచ్ వేయగానే ఫ్యూజు పోతుంది. ఆ ఫ్యూజు వేయమన్నది ఇందుకు కూడా.

అడయార్_అల్లుడు

వైర్లు, ఫ్యూజు, డయోడ్ అన్నీ అయ్యాయి. స్విచ్ కస్టమ్స్ దాటి ఇంటికి వచ్చింది, అదీ బిగించాను. నిన్న పొద్దున్నే మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈసీఆర్ మీద మహాబలిపురం దాకా వెళ్లొచ్చాం. 100 కిలోమీటర్ల వేగం దగ్గర 3,500కి కాస్త కింద ఉన్న ఆర్‌పీఎం ముల్లు, స్విచ్ వేయగానే 2,850 దగ్గరికి దిగింది. రానూపోనూ ఒక్కసారి కూడా ఊడలేదు. మెకానిక్‌కి ఫోన్ చేసి చెప్తే నమ్మలేదు, బండి తీసుకురమ్మన్నాడు. నేర్చుకోవాలని ఉందట, తీసుకెళ్తాను.

మామగారికి కొత్త కోరిక పుట్టింది: ఓవర్‌డ్రైవ్ పడిందని తెలిసేలా డాష్‌బోర్డ్ మీద చిన్న లైటు కావాలట. దాని వైరు ఎక్కడ కలపాలి?

పెరంబూరు_బాబాయ్

డయోడ్ కలిపిన చోటే. సోలెనాయిడ్ వైరు నుంచి ఒకటి లైటుకు, లైటు నుంచి ఎర్త్‌కు. 12 వోల్టుల ఎల్‌ఈడీ తీసుకోండి. అయితే మామగారికి ఒక మాట చెప్పండి: ఆ లైటు చెప్పేది సోలెనాయిడ్‌కు కరెంటు వెళ్తోందని మాత్రమే. ఓవర్‌డ్రైవ్ నిజంగా పడిందా లేదా అన్నది ఆర్‌పీఎం ముల్లునే చూడమనండి.