కట్టు కింద ప్రెజర్ రీడింగ్ పడిపోతోంది: కట్టు వదులవుతోందా, సెన్సార్ తప్పా?

అమ్మకు ఎడమ చీలమండ లోపలి వైపు వీనస్ అల్సర్ (సిరల్లో రక్తం సరిగా పైకి వెళ్లక పడే పుండు). డాప్లర్ పరీక్షలో ఏబీపీఐ (చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె) 0.9 వచ్చింది. ధమనులు బాగానే ఉన్నాయి, చీలమండ దగ్గర 40 ఎంఎంహెచ్‌జీ ఒత్తిడి ఉండేలా కట్టమని వాస్కులర్ డాక్టర్ చెప్పారు. దూది పొర మీద షార్ట్ స్ట్రెచ్ (తక్కువ సాగే) బ్యాండేజీ, ఒక్కో చుట్టు ముందు చుట్టును సగం కప్పేలా చుడుతున్నాను. చేతి అంచనాతో ఒక్కోసారి ఒక్కోలా వస్తోందని కట్టు కింద ఒత్తిడి చూపే పల్చటి సెన్సార్ ఒకటి కొని, పిక్క కండ మొదలయ్యే చోట, ఎముక మీదకు రాకుండా పెట్టాను.

పొద్దున 8కి పడుకోబెట్టి కట్టగానే 41. మధ్యాహ్నానికి 30, రాత్రికి 22. అన్నీ పడుకున్నప్పటి రీడింగులే. వాపు తీసి కట్టు వదులవడం మామూలేనంటారు, కానీ రాత్రి వేలు దూర్చబోతే బిగువుగానే ఉంటోంది. సెన్సార్ చోటు మార్చినా అంతే. బీపీ మిషన్ పట్టీ కింద పెట్టి 40కి గాలి కొడితే 39 చూపింది. అది కాసేపటి పరీక్షే కదా, ఒంటి వేడికి గంటలకొద్దీ ఉంటే ఏమవుతుందో దాంతో తేలదు. రీడింగ్ నమ్మి ఇంకా బిగిస్తే చర్మం దెబ్బతింటుందని టెన్షన్.

ఇలాంటి సెన్సార్ వాడినవాళ్లు, గాయాలకు కట్లు కట్టే నర్సులు చెప్పండి: ఈ తగ్గుదల కట్టుదా, సెన్సార్‌దా అని ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?