ఎండకాలం రెండు నెలలు అడవి లాడ్జిల పని, పోవచ్చా?

అన్నలూ, అక్కలూ నమస్తే. మాది హన్మకొండ. డిగ్రీ ఫైనలియర్ పరీక్షలు అయిపోవస్తున్నయి. తాడ్వాయి దిక్కు చెరువు పక్కన ఒక లాడ్జి ఉంది, ఏప్రిల్, మే రెండు నెలలు పనికి రమ్మంటున్నరు. చేపలు పట్టేతందుకు వచ్చే టూరిస్టుల గాలాలకు ఎర గుచ్చియ్యాలె, పడవ నడపాలె, సాయంత్రం వంటింట్ల సాయం. నెలకు 12 వేలు, తిండి, పడక వాళ్లదే.

మొన్న ఆదివారం పోయి చూసొచ్చిన. వంటాయన కొర్రమట్టకు బూడిద రుద్ది, బండ మీద గీకి జిగురు తీస్తుంటే అక్కడ్నే కూసుండిపోయిన. జాగ మస్తు నచ్చింది. సిగ్నల్ మాత్రం కట్ట ఎక్కితేనే, అదీ ఒక్క గీత.

నాకు ఈత అంతంతమాత్రం. పడవల లైఫ్ జాకెట్లు మూడే కనబడ్డయి. పైగా ఇప్పపూల కాలం, తెల్లారకముందే ఆ చెట్ల కిందికి ఎలుగుబంట్లు వస్తయంటరు. మరి గాలం వేసేది గూడ ఆ టైముకే గదా! అమ్మకైతే మలేరియా బెంగ.

ఇట్లాంటి చోట సీజన్ పని చేసినోళ్లు ఎవరన్న ఉన్నరా? జీతం నెలనెలా ఇస్తరా, ఆఖరుకా? వారానికో సెలవు ముందే మాట్లాడుకోవాల్నా? ఎండలకు ఎరకు ఎర్రలు దొరక్కపోతే పిండిముద్దకు రవ్వ చేపలు పడతయా? సోమవారం లోపల వాళ్లకు జవాబు చెప్పాలె.